చిన్నముల్లు అయిదు మీదికి వచ్చాక

అనంతపురం
12 ఏప్రిల్ 1998

దుర్గకి,

తమ్ముడి కార్డు అందింది. నాలుగే ముక్కలు. "అమ్మకి మతి తప్పింది. మనుషుల్ని పోల్చుకోవడం లేదు. బుల్లిరాజు బాబాయి పట్టిసీమ తీసుకెళ్ళి వీరభద్రుడి దగ్గర మొక్కుకోమంటున్నాడు. నువ్వేమంటావు?" నేనేమంటానో హరిబాబుకి తెలియదా? తెలిసే అడిగాడు. నేను వద్దంటే రేపు ఏం జరిగినా "అక్క వద్దంది" అనొచ్చు.

ఆ కార్డుకి జవాబు నీకు రాస్తున్నాను. అమ్మని చూసుకునేది నువ్వు కాబట్టి. వాడు ఆఫీసు నుంచి వచ్చి వరండాలో స్నేహితులతో పేక వేసుకుని కూర్చుంటాడు. మన దేశంలో దాన్నే సంసారం చెయ్యడం అంటారు.

ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. దసరా వెళ్ళాక మీరు అమ్మని నా దగ్గర దింపారు. శివరాత్రి దాకా ఉంది. ఒక్కరోజు మతి తప్పలేదు. నేను కాలేజీకి వెళ్ళేలోపు గిన్నెలు తోమి పెట్టేది, వద్దన్నా వినేది కాదు. మా మహిళా సంఘం వాళ్ళు వస్తే వాళ్ళకి మన ఊరి సంగతులు చెప్పేది. అలాంటి మనిషి ధవళేశ్వరం వచ్చి రెండు నెలలు తిరక్కుండా ఇలా ఎందుకైంది? తిండి సరిగ్గా పెడుతున్నారా? ఎవరైనా మాట్లాడుతున్నారా, లేక మంచం మీద మూటలా వదిలేశారా? ముసలివాళ్ళకి పలకరింపు లేకపోతే మతి దానంతటదే పోతుంది. వీరభద్రుడేం చేస్తాడు?

పట్టిసీమ ప్రయాణం మానుకోండి. లాంచీ ఎక్కించి, ఎండలో ఆ మెట్లెక్కించి ఆవిణ్ణి చంపకండి.

నేను అమ్మకి ఒక పద్ధతి అలవాటు చేసి పంపాను. దాన్ని చెడగొట్టకుండా చూసుకోండి చాలు.

కోపంతోనూ దిగులుతోనూ
సూర్యకళ


ధవళేశ్వరం
19 ఏప్రిల్ 1998

వదినగారికి దుర్గ నమస్కారాలు.

ఇక్కడ అంతా క్షేమం అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు. మీ ఉత్తరం ఆయన చదివి బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. తర్వాత నేను రెండుసార్లు చదువుకున్నాను. "మూటలా వదిలేశారా" అన్నచోట మూడోసారి కూడా చదివాను.

అత్తయ్యగారికి తిండి పెడుతున్నానండి. మొదట్లో బాగానే తినేవారు. ఉగాది దాటిన దగ్గర్నుంచి తేడా వచ్చింది. నన్ను "వాణీ" అంటున్నారు. సత్యవాణి ఆవిడ చెల్లెలట కదా, ఎప్పుడో పోయిందట. మొన్న కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసి, "తాగవే వాణీ" అని నాకే ఇచ్చారు. తాగాను. ఏం చెయ్యమంటారు?

పగలల్లా నడవలో మంచం మీద కూర్చుని వీధి గుమ్మం వంక చూస్తుంటారు. "ఇంకా పొద్దుగూకలేదే" అంటారు. ఏం కావాలి అత్తయ్యగారూ అంటే మళ్ళీ గుమ్మం వంకే చూస్తారు. పొద్దుగూకే వేళకి మీరిచ్చి పంపిన గడియారం వంక చూడ్డం మొదలెడతారు. చూసి చూసి పడుకుంటారు. దేనికోసం ఎదురుచూస్తున్నారో మాకు తెలియడం లేదు. పొద్దుగూకితే యముడొస్తాడని చూస్తున్నారని బుల్లిరాజు మావయ్యగారు అన్నారు. ఆ మాటకి మీ తమ్ముడు భయపడి మీకు కార్డు రాశారు.

ఒకటి మాత్రం చెప్పాలి. మీ దగ్గర్నుంచి వచ్చాక పక్క తడపడం పూర్తిగా మానేశారు. అంతకుముందు రోజూ ఆ బొంత ఉతకలేక నా నడుం పడిపోయేది. మీరు ఏం మంత్రం వేశారో గానీ ఆ ఒక్క విషయంలో మీకు దణ్ణం పెట్టుకుంటున్నాను.

వేసవి కదా, కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఇక్కడ ఎండలు చెప్పేలా లేవు. ఆవకాయకి కాయలు తెప్పించాను, మీకో జాడీ పంపుతాను. వీలైతే ఒకసారి రండి వదినగారూ. మిమ్మల్ని చూస్తే గుర్తుపడతారేమో.

మీ
వెంకటదుర్గ


అనంతపురం
26 ఏప్రిల్ 1998

దుర్గకి,

మంత్రమూ కాదు, మాయా కాదు. క్రమశిక్షణ. నాకు దణ్ణాలు పెట్టకు, వినడానికి సిగ్గుగా ఉంటుంది.

అమ్మకి సాయంకాలం చెంబెడు నీళ్ళు తాగే అలవాటు. దీపాలు పెట్టే వేళకి గటగటా చెంబు ఖాళీ చేసేది. మరి రాత్రి పక్క తడవదా? అయిదు దాటాక నీళ్ళు ముట్టుకోవద్దని చెప్పాను. చదువు రాదు కనక గడియారం కొని మంచానికి ఎదురుగా తగిలించి, చిన్నముల్లు అయిదు మీదికి వస్తే గ్లాసు బోర్లించెయ్యాలని నేర్పాను. వారం తిరక్కుండా ఒంటబట్టించుకుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి! ఆడవాళ్ళకి నేర్పితే ఏదైనా ఏ వయసులోనైనా నేర్చుకుంటారని నేను సభల్లో ఊరికే చెబుతున్నానా?

ఇక మతి సంగతి. ఇక్కడ సైన్సు లెక్చరర్ని అడిగాను. వార్ధక్యంలో కొందరికి మెదడు కుంచించుకుపోతుందిట. వాణి పిన్నిని తలుచుకోవడం, వేళలు తెలియకపోవడం, అన్నీ ఆ లక్షణాలేనట. మందు లేదన్నాడు. నిజాన్ని నిజంలా ఒప్పుకోవాలి దుర్గా. దెయ్యమనీ యముడనీ నెపాలు వెతక్కుండా, అమ్మ మెల్లమెల్లగా మన నుంచి వెళ్ళిపోతోందని ఒప్పుకోండి. "ఇంకా పొద్దుగూకలేదు" అంటోందని రాశావు. చదివి ఏడ్చాను. జీవితపు సాయంకాలంలో కూర్చుని ఇంకా పొద్దుగూకలేదంటోంది మా అమ్మ.

నేను ఇప్పుడు రాలేను. స్పాట్ వాల్యుయేషన్ పడింది, అదవగానే మరుగుదొడ్ల మీద మా సంఘం కళాజాత. అనంతపురం జిల్లాలో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి అడిగే నాథుడు లేడు. అమ్మకి నువ్వున్నావు. వీళ్ళకి ఎవరున్నారు చెప్పు.

ఆవకాయలో వెల్లుల్లి వెయ్యకు.

సూర్యకళ


రాజమండ్రి, ఆసుపత్రి నుంచి
6 మే 1998

వదినగారికి,

గాబరాగా రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. నిన్న మధ్యాహ్నం అత్తయ్యగారు నడవలో లేచి నిలబడి అలాగే కూలిపోయారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నాలిక అట్ట కట్టుకుపోయింది. "గట్టు మీద మగోళ్ళున్నారే వాణీ, ఆగు, ఆగు" అంటూ నా చెయ్యి వదలరు. ఆటోలో రాజమండ్రి తీసుకొచ్చాం.

చిన్న వయసు డాక్టరు. నాలిక చూశాడు, చేతి మీద చర్మం పట్టి లాగి చూశాడు. "ఈవిడ నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. సెలైన్ ఎక్కిస్తున్నారు. వయసు మీద పడ్డాక దాహం తెలియడం తగ్గిపోతుందట. ఒంట్లో నీరు తగ్గితే పెద్దవాళ్ళకి ముందు తడబడేది మతేనట. మాట తేడా వచ్చిన రోజునే తీసుకురావలసిందన్నాడు.

ఆయన వరండాలో గోడకి తల ఆనించుకుని నిలబడ్డారు. ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

దుర్గ


అనంతపురం
11 మే 1998

దుర్గకి,

నీ ఉత్తరం చదివి వాల్యుయేషన్ క్యాంపులో అందరి ముందూ ఎర్రసిరా బుడ్డి ఒలకబోసుకున్నాను.

నీళ్ళు! మందులు కాదు, మాకులు కాదు, నీళ్ళు. గోదావరిని మూడు డెల్టాలకీ పంచే ఆఫీసులో గుమాస్తా నా తమ్ముడు. లక్షల ఎకరాలకి ఎక్కడ ఎంత వదలాలో ఫైళ్ళు మోస్తాడు. తన నడవలో మంచం మీద కూర్చున్న తల్లికి ఒక గ్లాసు వదలడం చేతకాలేదా? కాలవలు కట్టేసినట్టు అమ్మనీ కట్టేశారా?

నీకు కోపం వస్తే రానీ. ముసలిదానికి నీళ్ళిస్తే లెట్రిన్‌కి నడిపించాలి, చీర మార్చాలి. ఇవ్వకపోతే ఆ పని ఉండదు. ఇది నువ్వొక్కదానివే చేసే పని కాదు, దేశమంతా కోడళ్ళూ కూతుళ్ళూ కూడా చేస్తున్నారు. చాకిరీ అంతా ఆడదాని నెత్తిన వేసిన వ్యవస్థది మొదటి తప్పు. నేను కాదనను. కానీ వ్యవస్థ పేరు చెప్పి నువ్వు తప్పించుకోకు. "పక్క తడపడం లేదు, అదొక్కటీ నయం" అన్న ధోరణిలో సంబరంగా రాశావే, అప్పుడైనా ఎందుకు తడపడం లేదని అనుమానం రాలేదా?

నాలుగేళ్ళ కిందట రాజమండ్రి సభలో నేను మాట్లాడింది నువ్వు విన్నావు. అడుగడుక్కీ నీళ్ళున్న గోదావరి సీమలో ఆడది పొద్దుగూకేదాకా దాహాన్ని కొంగున కట్టుకుని తిరుగుతుందని అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వూ కొట్టావు. ఇంటికి వెళ్ళి మర్చిపోయావు.

సూర్యకళ


ధవళేశ్వరం
17 మే 1998

వదినగారికి దుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. మీ తమ్ముడు "రాయి, అక్కకి తెలియాలి" అన్నారు. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

అత్తయ్యగారిని ఇంటికి తీసుకొచ్చాం. మతి చాలావరకు వచ్చింది. నన్ను దుర్గా అని పిలిచారు. వంటింట్లో కూర్చుని ఏడ్చుకున్నాను.

మీరన్నది నిజమేనండి. ఆవిడ నీళ్ళు అడక్కపోతే నాకు సుఖంగానే ఉంది. పొద్దున కాఫీ, అన్నంలో మజ్జిగ, అంతే వెళుతోందని నాకు తెలుసు. తెలిసీ, అడక్కపోతే పోనీలే అనుకున్నాను. బొంత ఆరేయక్కర్లేదని హాయిగా నిద్రపోయాను. ఆ పాపం నాది. దాన్ని మీ వ్యవస్థ మీదికి నెట్టను.

కానీ ఇంకో సంగతి ఉంది. మతి వచ్చాక పక్కన కూర్చుని అడిగాను. "అత్తయ్యగారూ, పగలు ఎందుకు తాగరు?"

"పగలు తాగితే ఎక్కడికెల్తామే? గట్టు మీద మగోళ్ళుంటారు."

"ఇది మన పల్లెటూరు కాదండీ. ఇక్కడ లెట్రిన్ ఉంది కదా."

"ఉంది. వరండాలోంచి ఎల్లాలి. పగలు ఈదిలో మగోళ్ళెల్తుంటారు, సాయంత్రం ఆడి స్నేహితులుంటారు. చెంబుచ్చుకుని ఆళ్ళ ముందు నించి ఎల్లనా?"

"మరి చీకటి పడ్డాక తాగొచ్చు కదా?"

నా వంక వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. "చీకటడ్డాకే తాగేదాన్నే, నా జన్మంతా. పొద్దుగూకి ఆడాళ్ళం గట్టుకెల్లే ముందు చెంబుడు తాగేవోళ్ళం. ఇప్పుడెలా తాగుతాను? అయిదు దాటిపోద్ది. పెద్దమ్మాయి వద్దంది."

వదినగారూ, ఇందులో నా సొంత మాట ఒక్కటీ లేదు. ఆవిడన్నవన్నీ అన్నట్టు రాశాను.

రాజమండ్రి సభ గుర్తుచేశారు. ఆరోజు అత్తయ్యగారు నా పక్కనే కూర్చున్నారు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా పెద్దమ్మాయి నా సంగతే చెబుతోందే" అని మురిసిపోయారు.

ఇప్పుడు మా కష్టం ఏంటంటే, ఇంటికొచ్చినా అయిదు దాటాక ముట్టుకోవడం లేదు. పగలు నేను బతిమాలితే గుక్కెడు. డాక్టరు చెప్పాడంటే, "డాక్టరుకేం తెలుసు, పెద్దమ్మాయి చదువుకుంది" అంటారు. మీరు ఫోన్ చేస్తారేమోనని పక్కింటి చంద్రరావుగారిని అడిగి పెట్టాను గానీ, ఆవిడకి ఫోన్లో వినబడదు కదా. ఇలాగే ఉంటే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు భయపెట్టాడు.

వరండాలో పేకాట ఆయన మానిపించేశారు. మీకు చెప్పమన్నారు.

మీ
వెంకటదుర్గ


టెలిగ్రాం
అనంతపురం, 21 మే 1998

అమ్మా నీళ్ళు తాగు. సూర్యకళ.


అనంతపురం
21 మే 1998

దుర్గా,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను.

మొదట నీతో వాదించబోయాను. నేను చెప్పింది అయిదు దాటాక వద్దని, పగలు వద్దనలేదని. పక్క తడిసే మనిషికి సాయంకాలం నీళ్ళు తగ్గించడం అందరూ చేసేదేనని. పగలు తాగుతుందనుకున్నానని. పగలు నేను కాలేజీలో ఉంటాను, తాగుతుందో లేదో చూసిందెవరు? అక్కడ ఆగిపోయాను.

ఆ అలవాటు నాకు తెలుసు దుర్గా. పుస్తకాల్లోంచి రాలేదు నాకది. చిన్నప్పుడు నేను అమ్మ కొంగు పట్టుకుని ఆ గట్టుకే వెళ్ళాను. గుమ్మంలో నిలబడి చెంబెత్తి గటగటా తాగేది, గొంతు కదలడం చూసేదాన్ని. ఆ చెంబునే సభల్లో చెప్పి పేరు తెచ్చుకున్నాను. మా ఇంట్లో అదే చెంబు ఎత్తితే చెయ్యి పట్టుకుని ఆపాను. రోజంతా ఆవిడకి ఆవిడే వద్దనుకుంది. మిగిలిన ఒక్క వేళా నేను లాక్కున్నాను. ఇక ఏ వేళ తాగుతుంది?

ఎలా చెప్పానో కూడా విను. ఆరోజు మా సంఘం కార్యవర్గ సమావేశం మా ఇంట్లో. అమ్మ బొంత తడిసి గది వాసనేస్తోంది. వాళ్ళంతా వచ్చేశారు. నేను వాళ్ళ ముందే, "ఇంకోసారి సాయంకాలం చెంబు ముట్టుకున్నావంటే నిన్ను బండెక్కించేస్తాను" అన్నాను. ఎవరో నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. తర్వాత మేము ఆడదాని గౌరవం మీద తీర్మానం రాసుకున్నాం.

ఒక్కరోజు మతి తప్పలేదని నీకు రాశాను. అబద్ధం. ఇక్కడ చివరి వారంలో నన్నూ "వాణీ" అంది. పరధ్యానమనుకుని పేపర్లు దిద్దుకున్నాను.

నీ మీద రాసినవన్నీ వెనక్కి తీసుకోవడానికి నాకు మొహం లేదు. అమ్మకి చెప్పు. తాగమన్నానని చెప్పు.

సూర్యకళ


ధవళేశ్వరం
24 మే 1998

వదినగారికి దుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం ఇంకా రాలేదు, టెలిగ్రాం వచ్చింది. అది చేసిన రగడ మీకు చెప్పాలి. తంతి తెచ్చిన అబ్బాయి సైకిలు దిగి టెలిగ్రాం అని కేకేశాడు. టెలిగ్రాం అంటే ఎవరో పోయినట్టే కదండీ మనకి. అత్తయ్యగారు మంచం మీద నుంచి "నా పెద్దమ్మాయీ!" అని ఒక్క అరుపు అరిచారు. పక్కిళ్ళ వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. చంద్రరావుగారి భార్య అప్పుడే ఏడవడం మొదలెట్టేసింది. మీ తమ్ముడు కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డారు, చదవరు. చివరికి నేనే లాక్కుని, తెచ్చిన అబ్బాయి చేతే చదివించాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని అతను మెల్లగా కూడబలుక్కుని, "అమ్మని నీళ్ళు తాగమంటున్నారండి" అన్నాడు. "ఇందుకు టెలిగ్రామా?" అని ఒకావిడ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుని, మీరు బతికే ఉన్నారని నాలుగుసార్లు అడిగి తెలుసుకుని, కుదుటపడ్డారు. నేను సందు దొరికిందని గ్లాసు అందించాను. "మీ పెద్దమ్మాయే తాగమంది, విన్నారుగా."

గ్లాసు పట్టుకున్నారు. గడియారం చూశారు. అప్పటికి ఆరు దాటింది.

"ఎన్ని గంటలకి తాగమంది?" అన్నారు.

ఇంకోసారి చదివించమన్నారు. అందులో వేళ లేదు కదండీ. గ్లాసు కిటికీలో పెట్టేశారు. "రాయడం మర్చిపోయుంటది. పనుల్లో ఉంటది కదా. మళ్ళీ రాస్తదిలే" అన్నారు.

మీరే రావాలి వదినగారూ. కాగితాలతో అయ్యేలా లేదు.

దుర్గ


అనంతపురం
14 జూన్ 1998

దుర్గా,

గుంతకల్లులో బండి మారి నిన్న ఇంటికి చేరాను. నువ్విచ్చిన ఆవకాయ జాడీ పగల్లేదు. కళాజాత నేను లేకుండానే జరిగిపోయింది, బాగానే జరిగిందట.

నీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మాట్లాడితే వాదనలోకి దిగుతానని భయం. బొంతలు ఉతుకుతుంటే నువ్వు నా చేతిలోంచి లాక్కోలేదు, అందుకు నీకు రుణపడ్డాను. వరండా పక్కన తడిక కట్టి లెట్రిన్‌కి చాటు చేసినందుకు తమ్ముణ్ణి మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోలేదు. నువ్వు చెప్పు.

డాక్టరు నాతో అన్నది నీకు చెప్పలేదు. మతి ఈమాత్రం రావడం అదృష్టమేనట. కొంత మరుపు మిగిలిపోవచ్చుట. అది ముందునుంచీ ఉన్నదో, ఈ ఎండాకాలం తెచ్చిందో తాను చెప్పలేనన్నాడు. ఎవరూ చెప్పలేరట. అంటే ఆ ప్రశ్న ఇక నా దగ్గరే ఉంటుంది.

నేను వచ్చిన సాయంకాలం అమ్మ పక్కన కూర్చుని చెప్పాను. "అమ్మా, ఎప్పుడు దాహమైతే అప్పుడు తాగు. దాహం లేకపోయినా తాగు. పక్క తడిస్తే తడవనీ. నేను తప్పు చెప్పాను." నా బుగ్గ నిమిరి, "పిచ్చిదానా, నువ్వు తప్పెందుకు చెబుతావే" అంది. నా తప్పు ఒప్పుకోవడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు.

నువ్వు గమనించావో లేదో. నువ్విస్తే తాగుతోంది. తమ్ముడిస్తే తాగుతోంది. ఎదురింటావిడ అందించినా మాట్లాడకుండా తాగుతోంది. నేను గ్లాసు పట్టుకెళితే మాత్రం ముందు గడియారం వైపు చూస్తుంది. పొద్దున పదింటికైనా సరే. ముల్లు చూసి, నా మొహం చూసి, అప్పుడు అందుకుంటుంది. ఉన్నన్ని రోజులూ ఒక్కసారి కూడా చూడకుండా తాగలేదు.

ఆ గడియారం తీసి అటక మీద పడేస్తానని తమ్ముడు స్టేషన్లో అన్నాడు. తియ్యొద్దని చెప్పు. వచ్చే నెల మళ్ళీ వస్తాను. నేనిచ్చిన గ్లాసు ఆవిడ దాని వంక చూడకుండా అందుకునేదాకా, నా కళ్ళెదురుగా అది అక్కడే ఉండాలి.

సూర్యకళ